దేశదేశాల వాళ్ళు ఆడే క్రికెట్ క్లబ్ నిలబడేది టీ దగ్గరే

వేర్వేరు దేశాల వాళ్ళు కలిసి నడిపే అమెచ్యూర్ క్రికెట్ క్లబ్బుల చరిత్ర ఏమిటి, అవి అన్నేళ్ళు ఎలా నిలుస్తాయి అని అడిగారు. నాకు తెలిసిన కారణం ఒక్కటే. ఆట మధ్యలో అందరూ ఒకే కెటిల్లోంచి పోసుకుని టీ తాగిన క్లబ్ నిలుస్తుంది. తాగని క్లబ్, ఎంత మంచి బౌలర్లున్నా సరే, పదేళ్ళు తిరక్కుండా మూతపడుతుంది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటి వెళ్తే పాతపట్నం, ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒరిస్సాలోకి వెళ్ళింది. అందుకే మాకు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో రెండూ. మా క్లబ్ కూడా అంతే. తెలుగువాళ్ళం సగం. మిగతా సగం ఒడియావాళ్ళు, బ్యాంకు బదిలీ మీద వచ్చిన బెంగాలీ బాబు, కొండ మీది సవర కుర్రాళ్ళు, గూర్ఖాగా పనిచేసే నేపాలీ గారబ్బాయి, చంద్రగిరి టిబెటన్ క్యాంపు నుంచి మా ఊరొచ్చి చదువుకుంటున్న ఒక ఫాస్ట్ బౌలర్. మూడు దేశాల పిల్లలున్న జట్టు మాది. ఆంధ్రా పేపర్ల జిల్లా పేజీలో మా గురించి ఒక్క ముక్క రాదు. సరిహద్దుకి ఇవతల తెలుగువాడు ఆడితే అది ఆట కాదా అని నాకు ఎప్పుడూ కోపమే.

అసలు విషయానికి వస్తాను. మా మేనల్లుడు లక్సెంబర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ దేశంలో ఉండేవాళ్ళలో దాదాపు సగం మంది బయటి దేశాల వాళ్ళే. అక్కడ ఆప్టిమిస్ట్స్ అని ఒక క్రికెట్ క్లబ్ ఉంది, 1976లో పెట్టారు. పరాయి దేశాల నుంచి ఉద్యోగాలకొచ్చినవాళ్ళ క్లబ్. దాని మైదానం వాల్ఫర్‌డాంజ్ అనే ఊళ్ళో ఉంది, పేరు పియేర్ వెర్నర్ క్రికెట్ గ్రౌండ్. ఆ వెర్నర్ ఎవరనుకున్నారు? రెండుసార్లు ఆ దేశానికి ప్రధాని. యూరప్ మొత్తానికి ఒకే డబ్బు ఉండాలని 1970లో ప్రణాళిక రాసింది ఆయన పేరు మీదే. కుర్రతనంలో లండన్‌లో ఉన్నప్పుడు క్రికెట్ మీద మనసు పడి, పెద్దవాడయ్యాక ఈ క్లబ్‌ని ఆదరించాడు. పరాయివాళ్ళ ఆటని ఊరి పెద్ద తనదనుకున్నాడు. అందుకే వాళ్ళకి మైదానం దొరికింది.

దీనికి ఎదురుగా 1900 పారిస్ ఒలింపిక్స్ చూడండి. ఆ ఒలింపిక్స్‌లో ఒకే ఒక్క క్రికెట్ మ్యాచ్ జరిగింది, విన్సెన్ సైకిల్ ట్రాక్ మైదానంలో, జట్టుకి పన్నెండు మంది. ఫ్రాన్స్ పేరుతో దిగినవాళ్ళలో ఎక్కువమంది పారిస్‌లో కాపురమున్న ఇంగ్లీషువాళ్ళే. రెండో ఇన్నింగ్స్‌లో 26కి ఆలౌటై 158 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఓటమి సంగతి వదిలేయండి. తమలో తామే ఆడుకుని, తమలో తామే టీ తాగి, పక్కింటి ఫ్రెంచివాణ్ణి పిలవలేదు కాబట్టే ఫ్రాన్స్‌లో ఆ ఆట వేరు పట్టలేదు. నేనైతే గట్టిగా అంటాను.

మన దేశంలో ఇంకా అన్యాయం. బొంబాయిలో పార్సీలు 1848లోనే ఓరియంటల్ క్లబ్ పెట్టారు, బాగానే ఉంది. తర్వాత అక్కడి పెద్ద టోర్నమెంటులో జట్లన్నీ మతాల వారీగానే. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, 1912లో ముస్లింలు, 1937లో మిగతావాళ్ళందరికీ కలిపి ఐదో జట్టు. 1940లో గాంధీగారు ఇది వద్దన్నారు. 1946లో గానీ ఆగలేదు. ఆ హిందూ జట్టులోనే పల్వంకర్ బాలూ బౌలింగ్ చేశాడు. దళితుడు, పూనాలో యూరోపియన్ల క్లబ్‌లో పిచ్ చూసుకునే పని చేస్తూ నెట్స్‌లో దొరలకి బంతులేసి నేర్చుకున్నవాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి వందకి పైగా వికెట్లు తీశాడు. అలాంటివాడికి పూనాలో సొంత జట్టువాళ్ళు పెవిలియన్ బయట మట్టిముంతలో టీ పోసేవారు. వాళ్ళు పింగాణీ కప్పుల్లో లోపల తాగేవారు. అతని వికెట్లు కావాలి, అతనితో టీ వద్దు.

పాత కథ కదా అనకండి. కొన్నేళ్ళ కిందట ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊరి టోర్నమెంటుకి వెళ్తే మాకందరికీ గాజు గ్లాసులు, మా సవర కుర్రాళ్ళకి కాగితం కప్పులు ఇచ్చారు. మా కెప్టెన్ ఒక్క మాట మాట్లాడకుండా తన గ్లాసు పక్కన పెట్టి కాగితం కప్పు అందుకున్నాడు. మేమందరం అదే చేశాం. మళ్ళీ ఆ టోర్నమెంటుకి పోలేదు. ఇప్పుడక్కడ ఆటగాళ్ళని వేలం వేస్తున్నారట, బౌండరీకి డీజే పెడుతున్నారట. పెట్టుకోనివ్వండి.

చంద్రగిరి చెప్తాను. 1963లో టిబెటన్లకి ఇచ్చిన చోటు అది, మా జిల్లాలోనే, ఆర్.ఉదయగిరి వైపు కొండల మీద. మొక్కజొన్న పండిస్తారు, చలికాలం వస్తే స్వెటర్లు మూట కట్టుకుని ఊళ్ళ మీదికి వెళ్తారు. క్రికెట్‌కి మంచి రోజులు చలికాలమే. అప్పుడు వాళ్ళ కుర్రాళ్ళు దొరకరు. అందుకని స్వెటర్ల అమ్మకం అయ్యాక, వాళ్ళ కొత్త సంవత్సరం లోసార్‌కి ముందు మ్యాచ్ పెట్టుకున్నాం.

తెల్లారకముందే రెండు జీపుల్లో బయల్దేరాం, పిచ్ మీద పరిచే కొబ్బరిపీచు మ్యాట్ పైన చుట్టి కట్టాం. వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు, రంగురంగుల జెండాలు తప్ప ఏమీ కనబడలేదు. మేం పదముగ్గురం, వాళ్ళు తొమ్మిదిమందే. మిగతావాళ్ళు బకాయిలు వసూలు చేసుకోవడానికి కాకినాడ వైపే ఉండిపోయారట. పొద్దున మ్యాచ్‌లో వాళ్ళు చిత్తుగా ఓడారు. మా ఫాస్ట్ బౌలర్ తన ఈడువాళ్ళకే బంతులేస్తూ మొహం వేలాడేశాడు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ, అమాలా అంటారు వాళ్ళు, గోడ పక్కన పొయ్యి పెట్టి వెన్నా ఉప్పూ వేసిన టీ చేసింది. ఒక్కటే పెద్ద కెటిల్, అందరికీ ఒకేలాంటి చెక్క గిన్నెలు. మా ఓపెనర్ ఒక గుక్క తాగి ఆగిపోయాడు. సవర కుర్రాడు మాత్రం మూడు గిన్నెలు తాగాడు. ఆవిడ వాణ్ణి పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని తింగ్‌మో రొట్టె చేతికిచ్చింది. మా స్కోరరు రిటైరైన తెలుగు మాస్టారు, ఎక్కడికెళ్ళినా ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటారు, బయట నీళ్ళు కూడా ముట్టరు. ఆవిడ ఆయన దగ్గరికొచ్చి గిన్నె చాపింది. మాస్టారు తన ఫ్లాస్కులోంచి పోశారు. తాగి, హిందీలో, చక్కెర ఎక్కువైంది అంది. ఆయన తన మూత ఆవిడ కెటిల్ కింద పెట్టి, "అయితే మీది పోయండమ్మా" అన్నారు.

అప్పుడు వాళ్ళ కెప్టెన్, సైన్యంలో చేసి వచ్చినాయన, అందరం కలిపి ఇరవై రెండు మందిమి కదా, మళ్ళీ పంచుకుందాం అన్నాడు. మా బౌలర్ వెంటనే తన ఊరి నేస్తాల పక్కకి పరిగెత్తాడు. ఇద్దరు కెప్టెన్లూ ఒకే జట్టులో పడ్డారు. మాస్టారు పుస్తకం మూసేశారు. "జట్టు పేరు లేకుండా స్కోరు ఎలా రాస్తానయ్యా?" అని. చివరికి ఎవరెక్కడ కూర్చుని తిన్నారో చూసి ఆయనే పేర్లు పెట్టారు, కెటిల్ వైపు, జీపుల వైపు. ఆ పేజీ ఇప్పటికీ మా దగ్గర ఉంది. కెటిల్ వైపు రెండు వికెట్లతో గెలిచింది. ఆఖరి ఓవర్లో మా బౌలర్ కాళ్ళ దగ్గరికి వేసిన యార్కర్‌ని బ్యాంకు బాబు కాళ్ళ సందులోంచి వదిలేశాడు, వికెట్ల మీది బైలు రెండూ ఎగిరి ఔటయ్యాడు, అవతల నేపాలీ గారబ్బాయి నిలబడి మ్యాచ్ ముగించాడు.

మా క్లబ్ ఇంకా ఉంది. చంద్రగిరి కుర్రాళ్ళు బెంగళూరు, ఢిల్లీ వెళ్ళిపోతున్నారు, వాళ్ళకి పదకొండు మంది కూడటం కష్టమవుతోంది. ఈసారి మేమే పదిహేను మంది వెళ్తాం, నలుగురు వాళ్ళ వైపు ఆడతారు. ఎవరెవరు అనేది టీ అయ్యాక తేల్చుకుంటాం.