చెరకు వేరు పురుగు: దానికి రోగం తెచ్చే సూక్ష్మజీవులను మీ పొలంలోనే వెతకడం ఎలా?

రైతు సందేహం: మాది రెండో కార్శి (నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగిన పంట) చెరకు తోట. అక్కడక్కడ దుబ్బులు పసుపుబారి ఎండిపోతున్నాయి, చేత్తో లాగితే వేర్లు లేకుండా ఊడి వస్తున్నాయి. తవ్వి చూస్తే దుబ్బు అడుగున తెల్లగా, వంకర తిరిగిన పురుగులు నాలుగైదు చొప్పున కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఒకటి రెండు మాత్రం గట్టిపడి, ఒంటి నిండా ఆకుపచ్చ పొడితో చచ్చి ఉన్నాయి. నిరుడు మెటారైజియం (పురుగులకు రోగం తెచ్చే శిలీంద్రం) పొడి ఎకరాకు రెండు కిలోల చొప్పున కొని చల్లాను, ఫలితం కనిపించలేదు. ఈ చచ్చిన పురుగులను దంచి నీళ్లలో కలిపి తోటంతా పోయవచ్చా? ఇలాంటి రోగాలు నా మట్టిలో ఇంకేమైనా ఉన్నాయో లేదో తెలుసుకునేదెలా?

నిపుణుల సలహా: మీ తోటను ఆశించినది వేరు పురుగు, అంటే మట్టిలో ఉండి వేర్లు తినే పెంకు పురుగు పిల్ల. ఆకుపచ్చ పొడితో చచ్చిన పురుగులు మీ కంట పడటం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన విషయం, ఎందుకంటే వేరు పురుగును చంపగల సూక్ష్మజీవి ఒకటి మీ మట్టికి, మీ వాతావరణానికి అలవాటుపడి ఇప్పటికే అక్కడ పని చేస్తున్నదని అవి చెబుతున్నాయి. అయితే వాటిని దంచి పోయవద్దు. ముందు ఆ పురుగు దేనివల్ల చచ్చిందో తేలాలి, ఆ తరువాతే దానిని పెంచి వాడే ఆలోచన చేయాలి.

మీరు వర్ణించిన లక్షణాలు చాలావరకు మెటారైజియం అనే శిలీంద్రానికి సరిపోతున్నాయి. ఈ శిలీంద్రాన్ని 1879లో ఒడెస్సా ప్రాంతంలో గోధుమ పంటకు నష్టం చేసే ఒక పెంకు పురుగు పిల్లల మీద మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త గుర్తించారు. పంట పురుగును రోగంతో అణచాలనే ఆలోచనకు తొలి ప్రయోగాలు జరిగింది దీనితోనే. దీని సిద్ధబీజం (విత్తనంలా పనిచేసే సూక్ష్మకణం) పురుగు చర్మానికి అంటుకుని మొలకెత్తుతుంది, చర్మాన్ని కరిగించే ఎంజైముల సాయంతో లోపలికి దూరుతుంది, రక్తంలో వృద్ధి చెంది పురుగును చంపుతుంది. పురుగు దీనిని తినవలసిన అవసరం లేదు, ఒంటికి తగిలితే చాలు. మట్టిలో దాగి ఉండే పురుగు మీద శిలీంద్రాలు మనకు ఇంతగా ఉపయోగపడటానికి కారణం ఇదే. చచ్చిన పురుగు కుళ్లదు, వాసన రాదు, సుద్దముక్కలా గట్టిపడుతుంది. మొదట దాని మీద తెల్లని బూజు వస్తుంది, కొన్ని రోజులకు ఆ బూజే ముదురు ఆకుపచ్చగా మారుతుంది. తెల్లగా మొదలై తెల్లగానే నిలిచిపోతే అది బవేరియా జాతి శిలీంద్రం అయ్యే అవకాశం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వేరే కారణంతో చచ్చిన పురుగు మీద కూడా మట్టిలోని మామూలు బూజులు పెరుగుతాయి. వాటిలో ఆస్పర్జిల్లస్ జాతికి చెందిన పసుపు పచ్చని బూజును చూసి మెటారైజియం అని పొరబడటం తరచుగా జరుగుతుంది. ఆ బూజు విషపదార్థాలను తయారు చేస్తుంది, దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. దంచి పోయవద్దని గట్టిగా చెప్పడానికి ఇది మొదటి కారణం. రెండో కారణం, పది ఇరవై పురుగుల మీద ఉండే సిద్ధబీజాలు ఒక తోటంతటికీ ఏ మూలకూ చాలవు. చచ్చిన పురుగులలో కొన్నిటిని నమూనాకు తీసుకుని మిగిలినవాటిని దొరికిన చోటే మట్టి కప్పి వదిలేయండి; వాటి పక్కన తిరిగే పురుగులకు రోగం అంటించే పని అవి ఎలాగూ చేస్తాయి.

శిలీంద్రాలు కాక మరికొన్ని రోగకారకాలు కూడా వేరు పురుగుకు ఉన్నాయి, వాటి గుర్తులు అంత స్పష్టంగా కనిపించవు కనుక చాలామంది దృష్టిని దాటిపోతాయి. మొదటిది పాల రోగం. 1930లలో అమెరికాలోని న్యూజెర్సీలో జపాన్ పెంకు పురుగు పిల్లలలో దీనిని కనుగొన్నారు, దీనికి కారణం పేనీబాసిల్లస్ పాపిల్లియే అనే బ్యాక్టీరియా. రోగం సోకిన పురుగు చాలాకాలం బతికే ఉంటుంది, కానీ దాని రక్తం పాలలా తెల్లబడుతుంది. పురుగు కాలి చివరను సన్నని కత్తెరతో తుంచి, వచ్చిన చుక్కను నల్లని కాగితం మీద చూడండి. ఆరోగ్యంగా ఉన్న పురుగు రక్తం దాదాపు నీటిలా తేటగా ఉంటుంది, రోగం ఉంటే చిక్కని పాలచుక్కలా కనిపిస్తుంది. బాగా ఎదిగిన పురుగు ఒంట్లో కొవ్వు పేరుకుని పైకి తెల్లగా కనిపించడం సహజమే కాబట్టి ఒంటి రంగును బట్టి నిర్ణయానికి రావద్దు, రక్తపు చుక్కనే నమ్మండి. ఈ బ్యాక్టీరియాను బతికి ఉన్న పురుగులలో తప్ప బయట పెద్ద ఎత్తున పెంచడం కష్టం. అది మార్కెట్లో విరివిగా దొరకకపోవడానికి కారణం ఇదే, మీ పొలంలో దొరికితే దానిని కాపాడుకోవలసిన కారణం కూడా ఇదే.

రెండోది కీటకాలను చంపే నులిపురుగులు. ఇవి మొక్కల వేర్లకు హాని చేసే నులిపురుగులు కావు. పురుగు ఒంట్లోకి దూరి, తమతో తెచ్చిన బ్యాక్టీరియాను వదిలి ఒకటి రెండు రోజుల్లోనే దానిని చంపుతాయి. హెటరోరాబ్డైటిస్ జాతి నులిపురుగులు చంపిన పురుగు ఇటుక రంగుకు తిరుగుతుంది. స్టైనర్నీమా జాతి చంపినది లేత గోధుమ రంగులో మెత్తగా ఉంటుంది, దుర్వాసన మాత్రం రాదు. వేడి ప్రాంతాలకు బాగా సరిపడే హెటరోరాబ్డైటిస్ ఇండికా అనే జాతిని కోయంబత్తూరులో కనుగొని 1992లో శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశారు. నల్లబడి, చీము పట్టినట్టు జారిపోతూ కంపు కొట్టే పురుగు చాలా సందర్భాలలో గాయపడో, నీరు నిలిచో చచ్చి కుళ్లినదే అయి ఉంటుంది, దాని మీద సమయం వృథా చేసుకోవద్దు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లో అడెలీనా అనే ఏకకణ పరాన్నజీవి కూడా వేరు పురుగుల సంఖ్యను తగ్గిస్తున్నట్టు గమనించారు, కానీ దానిని సూక్ష్మదర్శిని లేకుండా గుర్తించలేము.

ఇక వెతకడం. రోగం పురుగుల సంఖ్య వెంట నడుస్తుంది. అవి ఒత్తుగా ఉన్నచోట కొంత ఆలస్యంగా మొదలై తరువాత వ్యాపిస్తుంది. అందువల్ల పురుగు కొత్తగా చేరిన మొక్క తోటలో (కొత్తగా నాటిన తోట) కంటే ఏళ్ల తరబడి దున్నకుండా ఉన్న కార్శి తోటల్లో, ముఖ్యంగా ఒకప్పుడు పురుగు విపరీతంగా ఉండి ఏ మందూ వేయకుండానే తగ్గిపోయిన మడుల్లో, రోగకారకాలు దొరికే అవకాశం ఎక్కువ. వర్షాల తరువాత నేల తేమగా ఉండి, పురుగులు రెండు మూడు దశలకు ఎదిగిన సమయం ఇందుకు అనువైనది. దుబ్బు చుట్టూ అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టిని పారతో నెమ్మదిగా పెళ్లగించి గోనెపట్టా మీద పరిచి చేత్తో చిదిపి చూడండి. గట్టిపడిన పురుగు మట్టి రంగులో కలిసిపోయి చిన్న పెళ్లలాగే ఉంటుంది కనుక తొందరపడితే చేతిలోకి వచ్చినా గుర్తించలేరు. పచ్చగా ఉన్న దుబ్బుల కింద కూడా తవ్వండి, రోగం వల్ల పురుగు చచ్చినందుకే ఆ దుబ్బు పచ్చగా మిగిలి ఉండవచ్చు.

చచ్చినవాటిని మాత్రమే తెచ్చుకుంటే సగం సమాచారం పొలంలోనే ఉండిపోతుంది, ఎందుకంటే పైకి ఆరోగ్యంగా కనిపించే పురుగుల్లో కొన్నిటికి అప్పటికే రోగం సోకి ఉంటుంది. కాబట్టి బతికి ఉన్నవాటిని కూడా సేకరించి, ఒక్కొక్క దానిని విడి డబ్బాలో అదే పొలం మట్టితో, చిన్న క్యారెట్ ముక్క వేసి నీడలో ఉంచండి. ఒకే డబ్బాలో రెండు పురుగులు వేస్తే ఒకదానినొకటి కొరుక్కుంటాయి. వారానికి రెండుసార్లు చూస్తూ, నెల రోజుల్లో ఏది ఎప్పుడు ఎలా చచ్చిందో రాసుకోండి. ఇందులో ఖర్చు లేదు, కానీ దీని ద్వారా తెలిసే విషయం ఏ మందు పొట్లం మీదా రాసి ఉండదు.

పురుగులు దొరకని మట్టిలో రోగకారకాలను పట్టడానికి పరిశోధకులు ఎర పద్ధతిని వాడతారు. పాడుబడిన తేనెపట్టులలో పెరిగే మైనపు పురుగు పిల్లలను తేమగా ఉన్న మట్టి డబ్బాలో వేసి, డబ్బాను రోజుకొకసారి తిరగేస్తూ రెండు వారాలు చూస్తారు. నులిపురుగులు ఉంటే అవి కొద్ది రోజుల్లోనే చస్తాయి, శిలీంద్రం ఉంటే కొంత ఆలస్యంగా చచ్చి బూజు కడతాయి. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. వేరు పురుగుకు మాత్రమే సోకే రోగాలు మైనపు పురుగుకు సోకవు. పాల రోగం అటువంటిదే. కనుక ఆరోగ్యంగా ఉన్న వేరు పురుగులను కూడా ఎరగా పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

నమూనాలను పంపే తీరులోనే చాలా పాడైపోతాయి. బూజు కట్టిన పురుగును కడగకుండా, ఒక్కొక్క దానిని విడి కాగితపు పొట్లంలో చుట్టి ఆరనివ్వండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి ఇతర బూజులు కమ్మేస్తాయి. ఇటుక రంగులో ఉన్నవాటిని ఇందుకు భిన్నంగా తేమ మట్టిలోనే ఉంచాలి, ఎండితే లోపలి నులిపురుగులు చస్తాయి. ఏవైనా ఎండలో నిలిపిన వాహనంలో మాత్రం ఉంచకూడదు. ప్రతి నమూనాతో పాటు తేదీ, లోతు, నేల స్వభావం, మొక్క తోటో కార్శి తోటో, చివరిసారి వేసిన పురుగుమందు, శిలీంద్రనాశిని, అదే గుంతలో దొరికిన బతికి ఉన్న పురుగుల సంఖ్య రాసి వ్యవసాయ పరిశోధన స్థానం కీటక విభాగానికి అందించండి. అక్కడ పురుగు పైభాగాన్ని శుద్ధి చేసి, లోపలి నుంచి శిలీంద్రాన్ని వేరు చేసి, దానిని ఆరోగ్యకరమైన పురుగులకు అంటించి, అవి అదే లక్షణాలతో చచ్చి, వాటి నుంచి అదే శిలీంద్రం తిరిగి దొరికినప్పుడే అది నిజమైన రోగకారకమని నిర్ధారిస్తారు. మీ వేరు పురుగు ఏ జాతిదో కూడా తప్పక అడిగి తెలుసుకోండి. న్యూజిలాండ్‌లో పచ్చిక బయళ్లను పాడుచేసే ఒక వేరు పురుగును సెర్రాషియా ఎంటమోఫిలా అనే బ్యాక్టీరియా చంపుతుంది, కానీ ఆ రోగం ఇతర జాతుల వేరు పురుగులకు పనికిరాదు.

నిరుడు మీరు వేసిన పొడి ఎందుకు పని చేయలేదో ఇప్పుడు చూద్దాం. మట్టిలో వేరు పురుగుకు గట్టిగా రోగం సోకాలంటే గ్రాము మట్టికి సుమారు లక్ష నుంచి పది లక్షల సిద్ధబీజాలు ఉండాలి. ఎకరంలో పై పది సెంటీమీటర్ల మట్టే ఐదు వందల టన్నుల పైచిలుకు ఉంటుంది. గ్రాముకు పది కోట్ల సిద్ధబీజాలున్న పొడిని రెండు కిలోలు నేలంతా చల్లితే గ్రాము మట్టికి దక్కేవి దాదాపు నాలుగు వందలు మాత్రమే, అది కూడా పొట్లంలోని బీజాలన్నీ బతికి ఉంటేనే. ఎండకు, నిల్వలో తగిలే వేడికి ఇవి త్వరగా చస్తాయి, నేల పొడిగా ఉంటే మొలకెత్తవు, బాగా ఎదిగిన పురుగు మీద ఆలస్యంగా పని చేస్తాయి. శిలీంద్రాన్ని తప్పుపట్టే ముందు వేసిన మోతాదును, చోటును, సమయాన్ని ప్రశ్నించుకోవాలి.

అందుకే శిలీంద్రాన్ని పైన చల్లడం కాక పురుగు తిరిగే చోట కేంద్రీకరించాలి. మొక్క తోటలో ముచ్చెలు (నాటే చెరకు ముక్కలు) నాటే చాలులోనూ, కార్శి తోటలో వరుస పక్కన జానెడు లోతు చాలు తీసి వేర్ల దగ్గరా వేసి వెంటనే మట్టి కప్పాలి. క్వీన్స్‌లాండ్‌లో వేరు పురుగుల నుంచి వేరు చేసిన మెటారైజియంను బియ్యపు గింజల మీద పెంచి ‘బయోకేన్’ పేరుతో ఆ గింజలనే చాలులో వేసే పద్ధతి తెచ్చారు. మట్టిలో సగటు సంఖ్య తక్కువైనా, గింజకు తగిలిన పురుగు ఒంటికి ఒక్కసారిగా వేల బీజాలు అంటుకుంటాయి. మీ శిలీంద్రం నిర్ధారణ అయితే ప్రయోగశాల ఇచ్చే శుద్ధమైన శిలీంద్ర విత్తనంతో ఇలా గింజల మీద పెంచుకోవచ్చు, కానీ కృత్రిమ మాధ్యమం మీద పదే పదే పెంచితే దాని చంపే శక్తి తగ్గుతుంది కనుక అప్పుడప్పుడు పురుగుకు అంటించి తిరిగి సేకరించిన విత్తనాన్నే తీసుకోవాలి. ముచ్చెలను శిలీంద్రనాశినితో శుద్ధి చేసి నాటితే, ఈ గింజలను అదే రోజు వేయకుండా తొలిసారి మట్టిని ఎగదోసేటప్పుడు వేయండి.

మీకు ఓపిక ఎందుకు అవసరమో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం అనుభవం చెబుతుంది. మడగాస్కర్ నుంచి చేరిన హోప్లోకెలస్ మార్జినాలిస్ అనే వేరు పురుగు 1980లలో అక్కడి చెరకును తీవ్రంగా దెబ్బతీసింది. పరిశోధకులు ఆ పురుగు పుట్టిన చోటికే వెళ్లి, అక్కడ దానిని సహజంగా చంపుతున్న బవేరియా శిలీంద్రాన్ని తెచ్చి, పెంచి పొలాల్లో వేశారు. అది మట్టిలో నిలదొక్కుకుని పురుగును అదుపులోకి తెచ్చింది. చెరకు నేల ఏళ్ల తరబడి దున్నకుండా ఉండటం ఇలాంటి శిలీంద్రానికి కలిసివచ్చే విషయం. మీ తోటకూ ఆ అనుకూలత ఉంది.

ఈ పంటకు మాత్రం శిలీంద్రం మీదే ఆధారపడవద్దు. దెబ్బతిన్న దుబ్బుల కింది పురుగులను ఏరివేయండి, వీలైన మడుల్లో నీరు నిలగట్టండి. తొలి వర్షాలు పడిన సాయంత్రాల్లో పెంకు పురుగులు నేలలోంచి బయటకు వచ్చి చుట్టుపక్కల చెట్ల మీదకు చేరతాయి. కొమ్మలు దులిపి వాటిని ఏరి చంపితే అవి గుడ్లు పెట్టకముందే తరువాతి తరం తగ్గుతుంది. నష్టం మరీ ఎక్కువగా ఉండి పురుగుమందు తప్పదనుకుంటే, ఆకుపచ్చ బూజుతో చచ్చిన పురుగులు దొరికిన వరుసలను గుర్తు పెట్టుకుని, నమూనాలు తీసుకోవడం పూర్తయ్యేదాకా అక్కడ ఏ మందూ వేయకుండా వదిలేయండి.