651వ పదానికి చోటు లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. అమెరికాలో డిగ్రీకి, ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే కామన్ యాప్‌లో అప్లై చేస్తోంది. వ్యాసం 720 పదాలొచ్చింది, జత చేశాను. కాస్త ఎక్కువైతే చూసీ చూడనట్టు వదిలేస్తారా మేడమ్?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వదిలేయడానికి అక్కడ మనిషి ఉండడమ్మా. 250 నుంచి 650 పదాలు, అంతే. దాటితే ఆ పేజీయే ఒప్పుకోదు. బ్రిటన్‌కూ పంపుతుంటే, అక్కడి కాలేజీ దరఖాస్తులు తీసుకునే యూకాస్‌లో ఖాళీలతో సహా అక్షరాలే లెక్కపెడతారు: 4,000.

పాప వ్యాసం చదివాను. ‘చిన్నప్పటి నుంచీ సైన్సంటే ప్రాణం’ అనే మొదటి పేరా మొత్తం కొట్టేయండి. అందరూ రాసేదే అది. చివర ఒక కాలేజీని పేరుపెట్టి ఆకాశానికెత్తేసింది. ఇదే వ్యాసం మిగతా కాలేజీలకూ వెళ్తుందని తనకెవరూ చెప్పినట్టు లేదు! అదీ తీసేయమనండి. తాతయ్య బోరు మోటారు విప్పి, అరిగిన బేరింగు మార్చి, బిగించాక ఒక నట్టు మిగిలిపోయిందని రాసిందే, ఆ భాగం మాత్రం ముట్టుకోవద్దు. నాకు నవ్వాగలేదు.

ఇవన్నీ పోయాక 560 దగ్గర ఆగితే ఆగనివ్వండి. 650 నింపి తీరాలని ఎవరూ అడగలేదు. కోచింగ్ వాళ్లు అడుగుతారేమో, వాళ్ల సంగతి వేరు.