కరాటే మానక్కర్లేదు, ముందు స్ప్రాల్ నేర్చుకోండి

ఆరేళ్ళు కరాటే చేసినా ఎంఎంఏ (రకరకాల యుద్ధకళలు కలిపి ఆడే ఫైటింగ్) జిమ్‌లో మొదటి రోజే ఓ రెజ్లర్ మిమ్మల్ని మూడుసార్లు పడేశాడని, ఇక అది మానేసి నేల మీద పట్లు పట్టే జియు-జిట్సులో చేరాలా అని అడిగారు కదా. తొందరపడకండి బ్రదర్.

1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (ఎంఎంఏ పోటీ)లో జియు-జిట్సు ఫైటర్ రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. ఎదుటివాళ్ళలో ఎక్కువమందికి నేల మీద పట్లు పెద్దగా తెలియకపోవడం అతనికి కలిసొచ్చింది. ఇప్పుడు అందరికీ అంతో ఇంతో వచ్చు. అందుకే ఫైట్ నిలబడి సాగాలా, నేల మీదా అన్నది తేల్చగలిగినవాడిదే పైచేయి. అది రెజ్లింగ్ పని. 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయిన ల్యోటో మచీడాది కరాటేనే, కాకపోతే సుమో, జియు-జిట్సు కూడా చేశాడు.

మీ చిక్కు స్టాన్స్‌లో, అంటే నిలబడే తీరులో ఉందనిపిస్తోంది. కరాటేలో మనం పక్కకి తిరిగి ముందు కాలు చాచి నిలబడతాం. రెజ్లర్‌కి ఆ కాలే దొరుకుతుంది. అతను కాళ్ళ కోసం దూకగానే మీ రెండు కాళ్ళూ వెనక్కి విసిరి, నడుము బరువంతా అతని భుజాల మీద వేయండి. స్ప్రాల్ అంటే అదే. మూడు నెలలు దీని మీదే ఉండండి. జియు-జిట్సు ఆ తర్వాత. రెజ్లింగ్ కోచ్ దొరక్కపోతే జూడో క్లాసైనా పర్లేదు, కానీ గీ (జూడో డ్రెస్) లేకుండా కూడా ప్రాక్టీస్ చేయండి.