ఇంటి పన్ను పెరిగిందని ఇంటి బీమా మానేయాలా?

సార్, నమస్తే. మీది నల్లగొండ జిల్లాలో సొంత ఇల్లు, ఉపాధ్యాయుడిగా రిటైరై పింఛను మీద గడుపుతున్నారు. ఈసారి ఇంటి పన్ను నోటీసు మునుపటికి దాదాపు రెట్టింపు వచ్చిందని రాశారు. దానికి తోడు ఇంటి అప్పు ఇచ్చిన బ్యాంకు బీమా పేరుతో పెద్ద మొత్తం చూపిస్తోంది. రెండూ మోయలేను, బీమా వదిలేసి పన్ను ఒక్కటే కట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు.

వదలకండి. నిజమైన ఇంటి బీమా మీరు కట్టే వాటన్నింటిలో చిన్నది. బరువు ఉన్నది ఇంకెక్కడో. అది ఎక్కడుందో తెలియాలంటే ముందు పన్ను నోటీసును వరుస వరుసగా చదవాలి.

మాది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక చిన్న పట్టణం. 2018 ఆగస్టు దాకా గ్రామ పంచాయతీ, ఆ తర్వాత మున్సిపాలిటీ. పంచాయతీలో ఉన్నన్నాళ్లూ ఇంటి పన్ను మా నాన్నకు లెక్కలోకి వచ్చే ఖర్చే కాదు. కారోబారు ఇంటికి వచ్చి రసీదు రాసి ఇచ్చేవాడు, నాన్న జేబులోంచి తీసి ఇచ్చేవాడు. మున్సిపాలిటీ అయ్యాక లెక్క మారింది. ఇల్లు అద్దెకు ఇస్తే ఎంత వస్తుందనే అంచనా మీద, కట్టడం ఎన్ని చదరపు అడుగులు, స్లాబా రేకులా, ఉండటానికి వాడుతున్నారా వ్యాపారానికా అన్నవి చూసి పన్ను వేస్తారు. దాని మీద గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు. మా పక్క వీధిలో ఇంతకాలం ఎవరూ కొలవని ఇళ్లను కూడా భువన్ సర్వేలో (ఇస్రో వారి భువన్ పటాల మీద చేసే ఆస్తుల సర్వే) కొలిచి, ఫొటో తీసి, పటం మీదికి ఎక్కించారు.

వసూళ్ల మీద ఇంత ఒత్తిడి ఎందుకని మీకు అనిపించి ఉంటుంది. పట్టణ స్థానిక సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడానికి 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది: రాష్ట్రాలు ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, వసూళ్లు రాష్ట్ర ఉత్పత్తి పెరిగే వేగానికి తగ్గకుండా పెరగాలి. అందుకని బిల్ కలెక్టర్ మన గుమ్మం ముందు నిలబడినప్పుడు అతని వెనక పెద్ద లెక్క ఉంటుంది. అతని మీద కోపగించుకుని ప్రయోజనం లేదు, పాపం అతను తనకు పైవాళ్లు ఇచ్చిన కాగితం పట్టుకుని వస్తాడు.

పన్ను రేటు పెరగడం వేరు, మీ ఇంటి పన్ను పెరగడం వేరు. ఒక ఇంటికి ఒక్కసారిగా రెట్టింపు వచ్చిందంటే సాధారణంగా నోటీసులో ఏదో ఒక గడి మారి ఉంటుంది. మా ఇంటికి వచ్చిన నోటీసులో అలా మూడు ఉన్నాయి. ముందు గదిలో నాన్న చాలా ఏళ్లు కుట్టు మిషను పెట్టి దర్జీ పని చేశారు. ఆయన పోయాక ఆ గదిలో మా అమ్మ పడుకుంటోంది. అయినా నోటీసులో ఆ గది నివాసేతరం అని ఉంది, అంటే దుకాణం కింద లెక్క. వెనక బర్రెల కోసం వేసిన రేకుల పందిరిని కలిపి మొత్తం స్లాబు కట్టడంగా కొలిచారు. అన్నిటికంటే పెద్దది, పై అంతస్తుకు అనుమతి లేదని రాసి దానికి జరిమానా కలిపారు. అనుమతి లేకుండా కట్టిన దానికి పన్నుతో సమానంగా జరిమానా పడుతుంది, అది కూడా ఒక్కసారితో పోదు, ఏటా వస్తుంది. మీకు రెట్టింపు అన్న మాట చదవగానే నాకు ముందు తట్టింది ఇదే. మీ నోటీసులో అనధికార కట్టడం అన్న గడిలో ఏమైనా అంకె ఉందేమో తప్పకుండా చూడండి.

మా పై అంతస్తు పంచాయతీ రోజుల్లో, పంచాయతీ ఇచ్చిన అనుమతితో కట్టింది. నాన్న ఆ కాగితాన్ని పట్టాదారు పుస్తకంతో పాటు ఇనుప పెట్టెలో దాచారు. దాని నకలు, ముందు గదికి విడిగా ఉన్న కరెంటు మీటరును తీసేయించుకున్న కాగితం, పందిరి ఫొటోలు జతచేసి, నోటీసులో ఇచ్చిన గడువు లోపల కమిషనర్ పేరున దరఖాస్తు ఇచ్చాను. ఇంకో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే అది ఎక్కడా ఉండదు సార్, ముద్ర పడిన ప్రతి చేతిలో ఉంటేనే రెండోసారి వెళ్లినప్పుడు కూర్చోమంటారు. కొంతకాలం ఏ జవాబూ రాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అదే ప్రతి ఇచ్చాను. ఆ తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ టేపు తీసుకుని వచ్చారు. మర్యాదగా కొలిచారు, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. జరిమానా తీసేశారు, గది నివాసంగా మారింది. పందిరి విషయంలో మాత్రం ఆయన ఒప్పుకోలేదు, పందిరి కూడా కట్టడమే, రేకుల రేటుకు మారుస్తాను అన్నారు. అది న్యాయమే.

ఈలోగా పన్ను ఆపలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మా బంధువుల్లోనే ఒకరు తగాదా తేలేదాకా కట్టనని పట్టుపట్టి బకాయి పెంచుకున్నారు. గడువు దాటిన పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, ఏడాదికి 24 శాతం. మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ 30లోపు, రెండోది డిసెంబర్ 31లోపు కట్టాలి. కొన్నేళ్లుగా ప్రభుత్వం ఏప్రిల్ నెలలో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కట్టేవారికి 5 శాతం తగ్గిస్తోంది. అది ఆ ఏడాది పన్నుకే, పాత బకాయికి కాదు. బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ అని అప్పుడప్పుడు ప్రకటన వస్తుంది కానీ, అది వస్తుందని ఎదురుచూస్తూ కట్టకుండా ఉండటం పింఛనుదారుకు తగిన పని కాదు. నేను కట్టి అడిగాను. ఎక్కువ కట్టింది తర్వాతి బిల్లులో సర్దారు.

చిన్న ఇల్లు ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. 75 చదరపు గజాల లోపు స్థలంలో కింద ఒక అంతస్తు, పైన ఒకటి ఉన్న ఇంటికి 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ఏడాదికి పన్ను 100 రూపాయలే. అలాగే అదే చట్టం ప్రకారం మన ఇంటి కొలతలు మనమే రాసి ఇచ్చినప్పుడు అబద్ధం రాస్తే పన్నుకు 25 రెట్లు జరిమానా. బిల్ కలెక్టర్‌తో మాట్లాడుకుని కొలత తగ్గించి రాయించుకోమని మీకూ ఎవరో ఒకరు చెబుతారు, వినకండి.

ఇక బీమా సంగతి. బ్యాంకు మీకు చూపించిన పెద్ద మొత్తం ఇంటికి చేసిన బీమా అయి ఉండదని నా అనుమానం. ఇంటి అప్పుతో పాటు రెండు రకాల బీమాలు వస్తాయి. ఒకటి ఇంటి కట్టడానికి: నిప్పు, పిడుగు, గాలివాన, వరద, భూకంపం లాంటి వాటికి. రెండోది అప్పు తీసుకున్న మనిషికి: ఆ మనిషి చనిపోతే మిగిలిన అప్పు తీరుతుంది. ఈ రెండోదానికి ప్రీమియం అంతా ఒకేసారి తీసి అప్పులోనే కలిపేస్తారు, దాని మీద కూడా పదిహేను ఇరవై ఏళ్లు వడ్డీ కడతాం. అరవై దాటిన వారికి అది చాలా బరువు. ఇల్లు తాకట్టు ఉంది కాబట్టి కట్టడానికి బీమా ఉండాలని బ్యాంకు అడగవచ్చు. ఫలానా కంపెనీలోనే కొనాలని పట్టుబట్టడానికి మాత్రం వీల్లేదు. మనిషి మీది బీమా మీ ఇష్టం. అప్పట్లో పై అంతస్తు అప్పు కోసం వెళ్లినప్పుడు నాకూ రెండూ కలిపి ఒకే సంతకం పెట్టమన్నారు. విడివిడిగా ఇవ్వమని అడిగితే చేసి ఇచ్చారు. మీరు ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే పాలసీ కాగితం ఎప్పుడు అందిందో చూడండి. అది జీవిత బీమా అయితే అందిన 30 రోజుల లోపు వద్దని రాసి వెనక్కి ఇవ్వవచ్చు. వాళ్లు పట్టించుకోకపోతే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, ఫిర్యాదుకు రుసుము లేదు.

ఇంటికి చేసే బీమాలో 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీల దగ్గరా ఒకే నమూనా ఉంది, పేరు భారత్ గృహ రక్ష. ఎక్కడ కొన్నా ప్రధానమైన నిబంధనలు అవే. ధర మాత్రం కంపెనీని బట్టి మారుతుంది, అందుకే ఒకచోట అడిగి ఆగకండి. బీమా మొత్తం స్థలం ధర మీద కాదు, ఇల్లు మళ్లీ కట్టాలంటే ఎంత అవుతుందో దాని మీద. చాలామంది గజం ధర కలిపి లెక్కేసి ప్రీమియం చూసి భయపడుతున్నారు. మా ఇంటికి 22 లక్షలకు చేయిస్తే 18 శాతం జీఎస్టీతో కలిపి ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు జీఎస్టీ తీసేశారు కానీ ఇంటి బీమాకు ఆ మినహాయింపు లేదు. కట్టడం మీద బీమా తీసుకుంటే అందులో 20 శాతం దాకా, 10 లక్షలకు మించకుండా, ఇంట్లోని సామాను కూడా దానంతట అదే కలుస్తుంది. ప్రహరీ గోడ, నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు ఇంట్లో భాగంగానే లెక్క. దీర్ఘకాలానికి, అంటే పదేళ్ల దాకా తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. మామూలు దొంగతనానికి మాత్రం విడిగా తీసుకోవాలి.

మన దగ్గర వరదలేమిటి, ఎండ తప్ప ఏముంది అంటారు కొందరు. ఆ మాట 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ముంచెత్తిన అలంపూర్, రాజోలి వాళ్లను అడగాలి. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఈదురుగాలికి గోడ కూలి మనుషులు పోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 1న కోదాడలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, అది మీ పాత జిల్లాయే. మా ఇంటి మీద ఒక వేసవి గాలివానకు పై అంతస్తు ముందున్న రేకులు లేచిపోయి, ప్రహరీ ఒక వైపు పడిపోయింది. రేకులు తీసి సర్దకముందే ఫొటోలు తీసి, అదే రోజు కంపెనీకి ఫోను చేశాను. సర్వేయరు వచ్చి చూసి, మేస్త్రి రాసిచ్చిన అంచనా తీసుకెళ్లారు. అడిగినంతా రాలేదు కానీ గోడ తిరిగి లేచింది, అప్పు చేయలేదు.

పన్నుకూ బీమాకూ ఒకచోట ముడి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. భారత్ గృహ రక్ష నివాసానికి ఇచ్చే పాలసీ. పన్ను నోటీసులో మీ గది దుకాణంగా ఉండి, పాలసీలో మొత్తం నివాసం అని ఉంటే, రేపు నష్టం జరిగినప్పుడు సర్వేయరు ఆ తేడా పట్టుకుని అడుగుతారు. నిజంగా దుకాణం నడుస్తుంటే బీమా కంపెనీకి ముందే చెప్పండి. నడవకపోతే పన్ను రికార్డులో మార్పించండి. నేను ఆ ముందు గది కోసం అంత తిరగడానికి పన్ను ఒక్కటే కారణం కాదు.

మీ నోటీసులో నాలుగు గడులు చూసి ఇక్కడ రాయండి: కట్టడం వైశాల్యం, వినియోగం, అనధికార కట్టడం జరిమానా, పాత బకాయి. అసెస్‌మెంట్ నంబర్, పేరు మాత్రం రాయకండి. పాత రసీదు ఒకటి ఉంటే అందులో ఉన్న వైశాల్యం కూడా చెప్పండి, రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ పెరిగిందో చూసి, నేనిచ్చిన దరఖాస్తు నమూనాను మీకు సరిపోయేలా మార్చి పెడతాను.