రెండేళ్ల తక్కువ జీపీఏతో అమెరికాలో వైద్యవిద్య ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మేము ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్నప్పుడు మా అమ్మాయి పుట్టింది కనుక ఆమెకు అక్కడి పౌరసత్వం ఉంది. పసితనంలోనే ఇక్కడికి తిరిగి వచ్చేశాం. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పూర్తిచేసింది. డాక్టరు కావాలన్న పట్టుదలతో అమెరికా వెళ్లి, అక్కడ డిగ్రీ తరువాతే వైద్యవిద్య కనుక బయాలజీ డిగ్రీలో చేరింది. రెండేళ్లలో 60 క్రెడిట్లు పూర్తయ్యేసరికి జీపీఏ (గ్రేడ్ల సగటు) 4కి 2.7 దగ్గర ఆగింది. ఆర్గానిక్ కెమిస్ట్రీలోనూ ఫిజిక్స్‌లోనూ ‘సి’ గ్రేడ్లు వచ్చాయి. ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తోంది. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అక్కడ స్థిరపడిన మా బంధువు ‘ప్రవేశ పరీక్ష బాగా రాస్తే చాలు’ అంటున్నారు. కాలేజీ మార్చి పాత మార్కులు చూపించకుండా ఉండమని ఒకరు, కరీబియన్ దీవుల్లో చేర్చమని ఒకరు, వెనక్కి పిలిపించి నీట్ రాయించమని మరొకరు చెబుతున్నారు. మాకు ఏమీ తోచడం లేదు. దారి చూపగలరు.
— ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి ఆశ వదులుకోనక్కరలేదు. అయితే ఆమె తోటివారికంటే సుమారు రెండేళ్లు ఆలస్యంగా వైద్య కళాశాలలో అడుగుపెడుతుందని మీరు ముందుగా మనసులో ఖాయం చేసుకోవాలి. జీపీఏ పడిపోయిన విద్యార్థుల్లో చాలామందికి అసలు నష్టం ఆ రెండేళ్ల మార్కుల వల్ల కాక, ఆలస్యం కాకూడదన్న తొందరలో తరువాత తీసుకున్న నిర్ణయాల వల్ల జరుగుతుంది.

మీ బంధువు గారి మాటను గౌరవిస్తూనే పక్కన పెట్టండి. ‘జింకానా’ పేరుతో సంఘం పెట్టుకొని గుంటూరు ప్రభుత్వాసుపత్రికి ఎంతో చేసిన ఆ తరం వైద్యులు ఇక్కడ ఎంబీబీఎస్ ముగించి, నేరుగా రెసిడెన్సీకి, అంటే వైద్య డిగ్రీ తరువాత ఆసుపత్రిలో పొందే శిక్షణకు, అమెరికా వెళ్లినవారు. అక్కడి డిగ్రీ జీపీఏతో వారికి పని పడలేదు. మన దగ్గర ఒక్క రోజు పరీక్షలో వచ్చిన ర్యాంకు సీటును తేలుస్తుంది. అక్కడ ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఎంత ముఖ్యమో, డిగ్రీలో ప్రతి సెమిస్టరు గ్రేడూ అంతే ముఖ్యం. ఎండీ (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ) కళాశాలల్లో సీటు దక్కించుకున్నవారి సగటు జీపీఏ ఇటీవలి సంవత్సరాల్లో 3.7 దాటి ఉంటోంది, ఎంక్యాట్ సగటు 528కి 511 పైన ఉంటోంది. ఎంక్యాట్ ఒక్కటే బాగా రాసి 2.7ను కప్పిపుచ్చడం సాధ్యం కాదు.

ఇప్పుడు మీరూ మీ అమ్మాయీ కలిసి కాగితం మీద ఒక లెక్క వేయండి. 60 క్రెడిట్లకు 2.7 అంటే 162 పాయింట్లు. మిగిలిన 60 క్రెడిట్లలో అన్నిటా ‘ఎ’ (క్రెడిట్‌కు 4 పాయింట్లు) తెచ్చుకున్నా మొత్తం 402 పాయింట్లే, అంటే డిగ్రీ చివర జీపీఏ 3.35. ఆచరణలో సాధ్యమయ్యే 3.8 తెచ్చుకుంటే 3.25 వస్తుంది. డిగ్రీ తరువాత మరో 30 క్రెడిట్లు చదివి 3.9 సాధిస్తే అది 3.38కి చేరుతుంది. ఈ అంకెలు చూసి నిరుత్సాహపడకండి. దరఖాస్తులో మొత్తం జీపీఏతో పాటు మొదటి ఏడు, రెండో ఏడు, మూడో ఏడు, నాలుగో ఏడు, డిగ్రీ తరువాతి చదువు ఇలా దేనికది విడిగా కనిపిస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం కలిపిన సైన్సు జీపీఏ కూడా వేరుగా లెక్కవుతుంది. మొదటి రెండేళ్లు 2.7 ఉండి, ఆ తరువాత వరుసగా మూడేళ్లు 3.8కి తగ్గకుండా ఉన్న విద్యార్థిని, నాలుగేళ్లూ 3.3 దగ్గరే నడిచిన విద్యార్థినీ ఎంపిక సంఘం ఒకే కంటితో చూడదు. మీ అమ్మాయి చేతిలో మిగిలిన బలం ఇదే. అందుకే ఇకపై ఒక్క సెమిస్టరు కూడా జారిపోకూడదు.

అలా జారకుండా ఉండాలంటే మార్కులు ఎక్కడ పోయాయో చూడాలి. విజయవాడ హాస్టల్లో పొద్దున స్టడీ అవర్ మొదలుకొని వారాంతపు పరీక్ష దాకా మన పిల్లల రోజును లెక్చరర్లే నడిపిస్తారు. అక్కడ ప్రొఫెసరు మొదటి రోజు ఒక సిలబస్ కాగితం ఇచ్చి ఊరుకుంటారు. హోంవర్కుకు ఇంత, ప్రతివారం క్విజ్‌కు ఇంత, ల్యాబ్ రిపోర్టుకు ఇంత, మధ్యలో వచ్చే పరీక్షలకు ఇంత అని మార్కుల వాటా దానిలోనే ఉంటుంది. చివరి పరీక్షకు కట్టుదిట్టంగా చదివే అలవాటున్న తెలివైన పిల్లలు, హోంవర్కులోనూ క్విజ్‌లలోనూ చిన్న చిన్న మార్కులు పోగొట్టుకొని ‘బి’ రావలసిన చోట ‘సి’తో ముగిస్తారు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో అయితే చర్యలను బట్టీ పట్టినవారికి ఇంటర్‌లో గట్టెక్కినట్టు అక్కడ గట్టెక్కదు, ఎలక్ట్రాన్లు ఎటునుంచి ఎటు కదులుతున్నాయో కాగితం మీద గీసి చూపమంటారు. పాత జవాబు పత్రాలను తెప్పించుకొని, ఏ ప్రశ్నలో ఎందుకు మార్కులు పోయాయో ఆమె తన చేత్తో రాసుకోమనండి. ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం కేటాయించే ‘ఆఫీస్ అవర్స్’కు వెళ్లడానికి మన పిల్లలు సందేహిస్తారు, ఏమీ రాదనుకుంటారేమోనని బిడియపడతారు. ఆ బిడియం ఖరీదైనది. వైద్య కళాశాలలు అడిగే సిఫారసు లేఖలు రాయవలసింది ఆ ప్రొఫెసర్లే కనుక, మొహం తెలియని విద్యార్థికి వారు ఏమని రాస్తారు?

ఇంకొక మాట. ఫోన్ ముక్తసరిగా పెట్టేయడాన్ని పొగరుగా తీసుకోకండి. నిద్ర, తిండి, దిగులు సంగతులు మెల్లగా అడగండి. అవసరమనిపిస్తే కళాశాలలోని కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లమని చెప్పండి. దిగులుకు వైద్యం జరగకుండా గ్రేడ్లు మెరుగుపడవు.

కాలేజీ మార్చి పాత మార్కులు దాచడమన్నది ఆలోచనలోకి కూడా రానివ్వకండి. చదివిన ప్రతి కళాశాల ట్రాన్స్‌క్రిప్టూ దరఖాస్తుతో పాటు పంపి తీరాలి. దాచినట్టు తేలితే అది మార్కుల సమస్యగా కాక నిజాయితీ సమస్యగా మారుతుంది, దానికి మందు లేదు. ‘సి’ వచ్చిన సబ్జెక్టులను మళ్లీ చదివితే పాత గ్రేడు చెరిగిపోతుందన్న భ్రమ కూడా వద్దు. ఆమె చదివే కళాశాల పాత గ్రేడును తీసేసినా, ఎండీ కళాశాలల ఉమ్మడి దరఖాస్తులు చూసే ఆమ్‌కాస్ అనే సేవ రెండిటినీ కలిపే లెక్కిస్తుంది. ఆస్టియోపతిక్ వైద్య కళాశాలలు, అంటే ఎండీకి బదులు డీఓ అనే వైద్య డిగ్రీ ఇచ్చే కళాశాలలు, ఒకప్పుడు కొత్త గ్రేడునే తీసుకునేవి కానీ 2017 నుంచి అవీ రెండూ కలుపుతున్నాయి. కాబట్టి ‘సి’ వచ్చినవాటన్నిటినీ తిరగదోడేకంటే, పునాది నిజంగా బలహీనంగా ఉన్న ఒకటి రెండింటినే మళ్లీ చదివి, మిగిలిన సమయాన్ని బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, జెనెటిక్స్ వంటి పై సబ్జెక్టుల్లో ‘ఎ’ తెచ్చుకోవడానికి వాడితే మంచిది.

డిగ్రీ ముగిశాక ఒక ఏడాది పోస్ట్ బాకలారియేట్ చదువు ఆమెకు దాదాపు తప్పదు. ఖరీదైన ప్రత్యేక కార్యక్రమమే కానక్కరలేదు, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో విడిగా సైన్సు సబ్జెక్టులు తీసుకున్నా ఆ గ్రేడ్లు డిగ్రీ జీపీఏలోనే కలుస్తాయి. వైద్య విద్యార్థుల పాఠ్యాంశాలనే ఏడాదిపాటు చదివించే స్పెషల్ మాస్టర్స్ కోర్సుల గ్రేడ్లు మాత్రం వేరే పద్దులో పడతాయి, డిగ్రీ జీపీఏను పెంచవు. పైగా అందులో తడబడితే ‘వైద్యవిద్య భారాన్ని మోయలేదు’ అని తేల్చి చెప్పినట్టవుతుంది. డిగ్రీ చివరి రెండేళ్లు గట్టిగా నడిచిన తరువాతే దానిని పరిశీలించాలి.

డీఓ కళాశాలలను రెండో తరగతిగా చూసే అలవాటు మన వాళ్లలో ఉంది, దానిని విడిచిపెట్టండి. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీ శిక్షణ ఒకే గుర్తింపు వ్యవస్థ కింద నడుస్తోంది, వారికి అన్ని రాష్ట్రాల్లోనూ పూర్తి స్థాయి వైద్యులుగా లైసెన్సు దొరుకుతుంది. మీ అమ్మాయి ఆ దరఖాస్తును మొదటి నుంచీ తన ప్రణాళికలో ఉంచుకోవాలి. కరీబియన్ కళాశాలల్లో చేరడం సులువు, చదువు ముగించి రెసిడెన్సీ దాకా చేరడం కష్టం. మధ్యలో ఆగిపోయినవారికి అప్పు మాత్రమే మిగులుతుంది. మిగతా దారులన్నీ ప్రయత్నించాక కూడా నేను తొందరపడి సలహా ఇవ్వని దారి అది.

నీట్ విషయానికి వస్తే, దానికి డిగ్రీ జీపీఏతో సంబంధం లేదు, 2022లో గరిష్ఠ వయోపరిమితి కూడా తీసేశారు. అయితే మీ అమ్మాయి అమెరికా పౌరురాలు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) 2021 మార్చి 4 తరువాత తీసుకున్నదైతే, కేంద్రం ఆ రోజు ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎన్నారై సీట్ల వంటివాటికే ఆమె పోటీ పడాలి; అంతకుముందే తీసుకున్నదైతే ఆ నిబంధన వర్తించదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నారై సీటే దిక్కయితే ఆ ఫీజు మీ శక్తికి తగినదేనా అన్నది మీరే చూసుకోవాలి. ఆమె మనస్ఫూర్తిగా తిరిగి వస్తానంటే వేరే సంగతి. అక్కడి సెమిస్టరూ ఇక్కడి నీట్ కోచింగూ రెండూ ఒకేసారి నడపాలనుకుంటే రెండూ చెడతాయి.

ఇక కాలపట్టిక. ఆమ్‌కాస్ దరఖాస్తు ఏటా మే నెలలో తెరుచుకుంటుంది, దాని ద్వారా చేరేది మరుసటి ఏడాది వేసవి చివర. మీ అమ్మాయి డిగ్రీ, ఆ పైన ఏడాది చదువు పూర్తిచేసి, ఆ ఏడాది జనవరికీ ఏప్రిల్‌కీ మధ్య ఎంక్యాట్ రాసి, ఆ వేసవిలో దరఖాస్తు చేయాలి. నమూనా పరీక్షల్లో కావలసిన స్కోరు నిలకడగా రానిదే ఎంక్యాట్‌కు కూర్చోకూడదు, ఎందుకంటే రాసిన ప్రతిసారీ వచ్చిన స్కోరు కళాశాలలకు కనిపిస్తుంది. దరఖాస్తుకూ ప్రవేశానికీ మధ్య వచ్చే ఏడాదిలో ఆసుపత్రిలో మెడికల్ అసిస్టెంట్‌గానో, డాక్టరు చెప్పే వివరాలు రాసిపెట్టే స్క్రైబ్‌గానో పనిచేయవచ్చు. ఈ వారంలో చేయవలసింది ఒకటే: వచ్చే సెమిస్టరుకు నమోదు చేసుకున్న సబ్జెక్టుల జాబితాను వైద్యవిద్యకు సిద్ధమయ్యేవారికి దారి చూపే కళాశాలలోని ప్రీ హెల్త్ సలహాదారుకు చూపించి, ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో భాగమూ ఫిజిక్స్ రెండో భాగమూ ఒకే సెమిస్టరులో పడకుండా, మొత్తం 12 లేదా 13 క్రెడిట్లకు మించకుండా సర్దుకోమని చెప్పండి.