జవాబుదావాలో అమ్మకు అవమానం: ఆ మాటలు తీసేయించవచ్చా?

ప్రశ్న: చనిపోయిన నాన్నగారి ఆస్తిలో వాటా కోసం భాగపరిష్కార దావా వేశాను. ఆయన మొదటి భార్య కొడుకులు జవాబుదావాలో మా అమ్మను 'ఉంపుడుగత్తె' అని, నన్ను 'అక్రమ సంతానం' అని రాశారు. అమ్మానాన్నలకు గుడిలో పెళ్లయింది. ఆ మాటలు తొలగించమని కోర్టును అడగవచ్చా?

జవాబు: తప్పకుండా అడగవచ్చు, అడగండి. పరువు తీసే అనవసరపు రాతలను దావా ఏ దశలో ఉన్నా కొట్టివేసే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6, రూల్ 16 కోర్టుకు ఇచ్చింది. ఏ పేరాలో ఏ మాట ఉందో చూపుతూ మీ న్యాయవాది చేత ఐ.ఏ. (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేయించండి.

'ఆ పెళ్లి చెల్లదు' అని వాదించే హక్కు మాత్రం వాళ్లకుంది. అది సాక్ష్యంతో తేలాలి. కానీ పెళ్లి చెల్లకపోయినా మీ అమ్మగారిని అంత మాట అనే అధికారం ఎవరికీ లేదు. చెల్లని వివాహంలోని స్త్రీని బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ ఒకప్పుడు 'అక్రమ భార్య', 'నమ్మకమైన ఉంపుడుగత్తె' అంది. 2025 ఫిబ్రవరిలో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా తప్పుపట్టింది. రాజ్యాంగం 21వ అధికరణం కింద గౌరవంగా బతికే హక్కుకు అది భంగమని చెప్పింది. అలాంటి పెళ్లిలోని భర్తకు ఇటువంటి విశేషణాలు తగిలించరని కూడా ఎత్తిచూపింది. నా దృష్టిలో ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. స్త్రీల గురించి కోర్టుల్లో వాడకూడని పదాలపై 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక చేతిపుస్తకం (హ్యాండ్‌బుక్) తెచ్చింది. అది చట్టం కాదు, దాన్ని బట్టి ఎవరికీ శిక్ష పడదు. అయినా ఐ.ఏ.లో ఉదహరించండి.

ఇక మీ సంగతి. పెళ్లినాటికి మొదటి భార్య జీవించి లేకపోయినా, విడాకులు అయిపోయినా, ఆచారం ప్రకారం జరిగిన మీ అమ్మగారి పెళ్లి చెల్లుతుంది. ఆమె భార్యగా ఉండగానే జరిగితే చెల్లదు. అప్పుడు కూడా హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 ప్రకారం మీరు సక్రమ సంతానమే. నాన్నగారి స్వార్జితంలోనే కాదు, ఆయన మరణానికి ముందు ఉమ్మడి ఆస్తి పంచి ఉంటే ఆయనకు దక్కే భాగంలోనూ మీకు హక్కుందని 2023 సెప్టెంబరులో రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా పెళ్లి తంతు జరిగిందన్న రుజువు మీద నిలబడుతుంది. ఫొటోలు, గుడి రసీదు, పెళ్లి చూసినవాళ్ల సాక్ష్యం ఇప్పుడే సమకూర్చుకోండి.

అమ్మగారు బోనెక్కినప్పుడు అవే మాటలు ప్రశ్నల రూపంలో రావచ్చు. అవమానించడానికే వేసే ప్రశ్నలను కోర్టు అడ్డుకోవాలని సాక్ష్య చట్టమే చెబుతోంది. ఆమె జవాబు చెప్పక ముందే లేచి అభ్యంతరం తెలపాలని మీ న్యాయవాదితో ముందుగా మాట్లాడుకోండి.