క్లిక్కర్లు కొనకుండా తరగతిలో అందరిచేతా జవాబు చెప్పించడం ఎలా?

గుంటూరులో మీ 40 మంది తరగతికి క్లిక్కర్లు (బటన్ నొక్కి జవాబు పంపే చిన్న పరికరాలు) కొనే వీలు లేదంటున్నారు కాబట్టి ప్లికర్స్ కార్డులు చాలు. ఇవి ఫోన్‌లోని ప్లికర్స్ యాప్ చదవగలిగే కోడ్ ముద్రించిన కాగితపు కార్డులు. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, మీదొక్కటే కావాలి. ఉచిత కార్డులను మందపాటి కాగితంపై ప్రింట్ తీయించి తలా ఒకటివ్వండి. నాలుగు అంచుల్లో ఏ, బి, సి, డి ఉంటాయి. తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటే, మీరు ఫోన్ కెమెరాను గదంతా తిప్పితే సరి. మెరిసే లామినేషన్ మాత్రం వద్దు. ట్యూబులైటు వెలుగు దానిపై పడి మెరిస్తే ఫోన్ కోడ్ చదవదు. వేళ్లు అడ్డొచ్చినా అంతే.

అసలు పట్టు ప్రశ్నలో ఉంది. తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా చేసే పొరపాట్లలోంచే తీసుకోండి. సరైన జవాబులు 30–70 శాతం మధ్య వస్తే వెంటనే చెప్పేయకండి. పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ కార్డులెత్తించండి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ భౌతికశాస్త్రం ఇలాగే నేర్పారు. 30 లోపైతే పాఠం మళ్లీ చెప్పాల్సిందే.